ఇంటిపేరు కట్టిన ఊరు

ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. మనం రాసుకునే ఈ వరుసలోనే చైనావాళ్లూ పేరు రాసుకుంటారు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు. సంప్రదాయంగా ఈ కట్టుబాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మనం మాత్రం ఇంటిపేరును శుభలేఖ మీదా పట్టాదారు పాసుపుస్తకంలోనూ రాసి ఊరుకున్నాం. దక్షిణ చైనా నుంచి పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటినవాళ్లు అదే ఇంటిపేరుతో గుడి కట్టారు, బడి పెట్టారు, అద్దె ఇళ్లు లేపారు. ఒక దశలో దానితోనే వీధి యుద్ధమూ చేశారు. మలేషియాలోని పెనాంగ్ ద్వీపంలో ఖూ అనే ఇంటిపేరువాళ్లు పెట్టుకున్న సంఘం, ఖూ కొంగ్సీ కథ ఇది.

సందు చివర ఒక ఊరు

పెనాంగ్‌లో 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ జెండా పాతాడు. సుంకం లేని రేవు అని పేరు పడేసరికి చైనా, తమిళ, అరబ్బు, ఆర్మేనియా వర్తకులంతా అక్కడ వాలారు. అలా పెరిగిన పట్నమే జార్జ్‌టౌన్. అందులో కేనన్ వీధి నుంచి ఇరుకు సందు ఒకటి లోపలికి పోతుంది. దాని చివర ఏముందో వీధిలో నిలబడి చూసేవాడికి అంతు పట్టదు. లోపలికి నడిస్తే రాతి పలకలు పరిచిన విశాలమైన వాకిలి, దానికి ఒక వైపున గుడి, గుడికి ఎదురుగా నాటకాల వేదిక, చుట్టూ గోడకు గోడ ఆనించి కట్టిన మేడలు కనిపిస్తాయి.

ఆ వేదిక ముఖం గుడి వైపుకే ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఆడే ఆటకు మొదటి ప్రేక్షకులు దేవుళ్లు, పితృదేవతలు. మనుషులు ఆ మధ్య వాకిట్లో చేరి, వాళ్లతోపాటు చూస్తారు.

ఈ ఖూలందరి మూలం ఫుజియన్ రాష్ట్రంలోని సిన్‌కాంగ్ అనే పల్లె. వాళ్ల మాట హొక్కియెన్. 1835లో పెనాంగ్‌లో ఉన్న ఆ ఇంటిపేరువాళ్లు 102 మంది ఒకచోట కూడి సంఘం పెట్టుకున్నారు. దాని పూర్తి పేరు లియోంగ్ సాన్ తోంగ్, అంటే డ్రాగన్ కొండ సభ. స్థలం కొని, అందులో ఉన్న పాత బంగళాను మార్చి, 1851కల్లా దాన్ని గుడిగా చేసుకున్నారు.

దిగగానే వరస కలిపేవాడు

ఆ కాలంలో చైనా ఓడ దిగిన కూలీని సిన్‌ఖే అనేవారు. కొత్త చుట్టం అని అర్థం. పిలుపులో ఉన్న మర్యాద బతుకులో ఉండేది కాదు. చాలామంది ఓడ ఛార్జీ అప్పుగా తీసుకుని వచ్చేవారు. ఆ అప్పు తీరేదాకా దళారి చెప్పిన తోటలోనో గనిలోనో చాకిరీ చెయ్యాలి. జ్వరం వస్తే చూసే దిక్కు లేదు. చస్తే శవాన్ని మోసే నలుగురు లేరు. దొరల ప్రభుత్వానికి పన్ను మీద ఉన్న ధ్యాస కూలీ బతుకు మీద లేదు.

అలాంటి రేవులో ఇంటిపేరు ఒకటే పూచీ. సంఘం గడప తొక్కి ఊరి పేరు, తాత పేరు చెబితే చాలు. పడుకోవడానికి చోటు, పనికి మాటసాయం, ఊరికి ఉత్తరం రాసిపెట్టేవాడు, డబ్బు పంపే దారి దొరికేవి. తగాదా వస్తే పెద్దలు కూర్చుని తీర్పు చెప్పేవారు. పోతే కర్మకాండ జరిపించేవారు. శ్రీశైలంలోనో భద్రాచలంలోనో కులసత్రం ఎరిగిన తెలుగువాడికి ఈ ఏర్పాటు కొత్త కాదు. సత్రం రెండు రోజుల యాత్రికుడికి. కొంగ్సీ మాత్రం బతుకంతా పరాయి గడ్డ మీదే గడిపేవాడికి.

వరస కలపడానికి వాళ్ల దగ్గర ఒక చక్కటి ఉపాయం ఉంది. వంశంలో ఒక్కో తరానికి ఒక్కో అక్షరం ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ తరంలో పుట్టిన మగపిల్లలందరి పేర్లలో ఆ అక్షరం రావాలి. ఎప్పుడూ ముఖాలు చూసుకోని ఇద్దరు ఖూలు ఏ రేవులో కలిసినా, పేర్లు చెప్పుకోగానే ఎవరు బాబాయో ఎవరు కొడుకో తేలిపోతుంది. తల నెరిసిన మనిషి పదేళ్ల కుర్రాణ్ణి బాబాయ్ అని పిలవాల్సి వచ్చినా నవ్వకుండా పిలవాల్సిందే. మన పల్లెల్లో ముసలమ్మలు అరుగు మీద కూర్చుని నోటితో తేల్చే లెక్కను వాళ్లు పేరులోనే పొదిగారు.

చుక్క పెడితేనే పితృదేవత

గుడిలో మూడు గదులు. నడిమి గదిలో ఇలవేల్పులు. 383లో ఫెయ్ నది యుద్ధంలో ఉత్తరాది సేనలను తిప్పికొట్టిన శియె ఆన్, శియె శువాన్ అనే ఇద్దరు చారిత్రక పురుషులను ఖూలు దేవుళ్లుగా కొలుస్తారు. వాళ్లది ఖూ ఇంటిపేరు కాదు. ఊరి దేవుడు ఎవరైతే ఆయననే వెంట తెచ్చుకున్నారు. ఒక పక్క గదిలో భూమిని, సంపదను కాచే దేవుడు. రెండో పక్క గదిలో పూర్వీకుల ఫలకాలు.

ఆ ఫలకాన్ని కాస్త దగ్గరగా చూడాలి. జానెడు చెక్క ముక్క. దాని మీద పోయినవారి పేరు నిలువుగా రాసి, చివర 'రాజు' అనే అర్థం వచ్చే అక్షరం రాస్తారు. మూడు అడ్డగీతలు, మధ్యలో ఒక నిలువు గీత. అప్పటికి అది ఉత్త చెక్కే. కర్మకాండలో పెద్దమనిషి ఒకరు కుంచెను ఎర్రసిరాలో ముంచి, ఆ అక్షరం నెత్తిన ఒక్క చుక్క పెడతాడు. ఆ చుక్కతో 'రాజు' కాస్తా 'అధిపతి' అవుతుంది. పోయిన మనిషి అప్పుడు ఆ చెక్కలో కొలువుంటాడని నమ్మకం. ఇక అది బొమ్మ కాదు, ఇంట్లో మనిషి. పూట తప్పకుండా అగరు వెలిగించాలి.

ఏప్రిల్ తొలి వారంలో వచ్చే చెంగ్‌బెంగ్ నాడు సమాధులు శుభ్రం చేసి, పిండివంటలు పెట్టి మొక్కుతారు. డిసెంబరులో పగలు చిన్నదయ్యే వేళ బియ్యప్పిండి ఉండలు పాకంలో వేసి పెద్దలకు నివేదిస్తారు. మన తద్దినంలాగే అక్కడా అన్నం పెట్టడమే అసలు తంతు. తేడా ఒక్కటి. అక్కడ వంశం మొత్తం ఒక్క కప్పు కింద పెడుతుంది. ఖర్చు ఏ ఒక్కరి నెత్తినా పడదు.

ఫిరంగి పేరు పెట్టిన వీధి

ఇంటిపేరు నీడే కాదు, కత్తి కూడా అయింది. ఖూ, చియా, యో, లిమ్, తాన్ అనే ఐదు హొక్కియెన్ ఇంటిపేర్లు పెనాంగ్ వ్యాపారాన్ని గుప్పిట పెట్టుకున్నాయి. ఒకరింటి పిల్ల మరొకరింటి కోడలైంది. ఖూ వంశపు పెద్దల్లో ఒకడైన ఖూ థియాన్ తేక్ చేతిలో కూలీల రవాణా, నల్లమందు ఇజారాలో వాటా రెండూ ఉండేవి. తోపెకోంగ్ అనే రహస్య సంఘానికీ నాయకుడు ఆయనే. దానికి పోటీ సంఘం ఘీ హిన్.

పెనాంగ్ ముస్లింలలో అప్పటికే ఎర్రజెండా, తెల్లజెండా అని రెండు దళాలు ఉండేవి. మొహర్రం ఊరేగింపుల పోటీలోంచి పుట్టినవి అవి. పీర్ల పండుగలో పేటకూ పేటకూ మధ్య పంతాలు ఎరిగిన హైదరాబాదువాళ్లకు ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు. ఎర్రజెండా తోపెకోంగ్‌తోనూ, తెల్లజెండా ఘీ హిన్‌తోనూ చేతులు కలిపాయి. 1867 ఆగస్టులో పది రోజులపాటు పట్నం తగలబడింది. మతమూ భాషా కాదు, రేవులో ఆదాయం ఎవరిది అన్నదే అక్కడ గొడవ. అందుకే చైనావాడి పక్కన ముస్లిం, ఇద్దరికీ ఎదురుగా మళ్లీ చైనావాడు, ముస్లిం నిలబడ్డారు. కోటలాంటి ఆ ఇరుకు సందులు ఎందుకో ఆ పది రోజుల్లో తెలిసింది. అప్పుడు పేలిన ఫిరంగుల వల్లే కేనన్ వీధికి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

థియాన్ తేక్‌కు ఉరిశిక్ష పడింది, తరువాత అది తగ్గింది. బయటికి వచ్చి మళ్లీ పెద్దమనిషిగానే బతికాడు. ఈనాటికీ పెనాంగ్‌లో ఆయన పేరు మీద ఒక రోడ్డు ఉంది. 1889లో వచ్చిన సంఘాల చట్టం రహస్య దళాలను మూయించింది. గుడి, పూర్వీకుల పూజ, దానధర్మం అంటూ పగటి వెలుగులో నడిచిన కుటుంబ సంఘాలు మాత్రం మిగిలాయి.

కాలిన గుడి, పింగాణీ పూలు

సొమ్ము చేరాక గొప్ప చూపాలనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్ది చివర ఖూలు పాత గుడిని తీసేసి, ఏళ్ల తరబడి కళ్లు చెదిరే మందిరం కట్టారు. 1901లో అది కాలి బూడిదైంది. చక్రవర్తి కోటను మించి కట్టారని దేవతలకు కోపం వచ్చిందని జనం అనుకున్నారు. వంశంవాళ్లూ ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. మళ్లీ కట్టినప్పుడు కొలతలు తగ్గించారు. 1906లో పూర్తయిన ఆ 'తగ్గించిన' గుడే నేడు మనం చూస్తున్నది. తగ్గించింది ఇదైతే, కాలిపోయింది ఎలా ఉండేదో!

కప్పు మీద డ్రాగన్లు, పక్షులు, పూలు. దూరానికి రంగులు పూసిన బొమ్మల్లా ఉంటాయి. దగ్గరికి వెళితే ఒక్కో రేకూ ఒక్కో పింగాణీ ముక్క. పనివాడు రంగు గిన్నెను పట్టకారుతో కొరికినట్టు కత్తిరించి, గిన్నె వంపునే పూరేకు వంపుగా వాడుకుంటూ, సున్నంలో ఒక్కో ముక్కా గుచ్చుతాడు. రంగు పింగాణీలో కాలిందే కాబట్టి ఎండకూ వానకూ వెలవదు.

మెట్లెక్కితే మనవాళ్లలాంటి ముఖాలు ఎదురవుతాయి. తలపాగా, గడ్డంతో ఇద్దరు సిక్కు కాపలాదార్ల రాతి విగ్రహాలు. బ్రిటిష్‌వాళ్లు పోలీసులుగా తెచ్చిన సిక్కులు తరువాత మలయాలో ధనవంతుల ఇళ్లకూ గిడ్డంగులకూ కావలి ఉన్నారు. చైనా గుడికి రెండు సింహాలు కాపలా ఉండటం ఆచారం. పెనాంగ్‌లో సింహంతోపాటు సింగ్‌నూ నిలబెట్టారు.

అద్దె మీద నడిచే ధర్మం

దాదాపు 190 ఏళ్లుగా ఈ సంఘం నిలవడానికి భక్తి ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. గుడి చుట్టూ ఉన్న ఆ మేడల వరసలు సంఘానివే. మొదటి తరం చందా ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఆ చందాతో ఇళ్లు, స్థలాలు కొన్నది. దాని మీద వచ్చే అద్దే పూజకు, విందుకు, పేద చుట్టానికి సాయానికి, పిల్లల చదువుకు ఖర్చయింది. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో వంశం పిల్లల కోసం ఊరి పేరునే పెట్టి సిన్‌కాంగ్ బడి తెరిచారు. పూర్వీకుల గది గోడల మీద బంగారు అక్షరాల చెక్కలు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు అవి బిరుదులు పొందినవాళ్లవి. తరువాత పట్టాలు పొందినవాళ్లవీ చేరాయి. పరీక్ష పాసైన మనవడి పేరు ముత్తాత ఎదుటే వేలాడుతుంది. అంతకు మించిన ప్రోత్సాహం ఏ ఉపకార వేతనమూ ఇవ్వలేదు.

ఇందులో లోటు లేదని కాదు. సభ్యత్వం సంప్రదాయంగా మగ సంతానానిదే. కూతురు పుట్టింటి పుస్తకంలో పేరు లేకుండానే పెళ్లయి వెళ్లిపోయేది. ఆస్తి ఉమ్మడిదే అయినా పెత్తనం డబ్బున్న నాలుగిళ్లదే.

1941 డిసెంబరులో జపాన్ బాంబులు గుడినీ వదల్లేదు. 1950లలో మరమ్మతులు చేయించారు. శతాబ్దం మారే వేళ మళ్లీ పూర్తిగా బాగుచేయించారు. 2008లో మెలాకాతోపాటు జార్జ్‌టౌన్ పట్నం యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఓడ దిగే కూలీలు ఇప్పుడు లేరు. వలస వచ్చినవాడికి బ్యాంకు ఉంది, ఆస్పత్రి ఉంది, ఫోను ఉంది. టికెట్టు కొని వచ్చే యాత్రికుల మధ్యే చెంగ్‌బెంగ్ నాడు మనవలు వచ్చి అగరు వెలిగించి పోతున్నారు.

అదే మలేషియాకు మన ఉత్తరాంధ్ర పల్లెల నుంచీ వేలమంది తోటల కూలీలుగా వెళ్లారు. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లో వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు. 1955లో పెట్టుకున్న ఆంధ్ర సంఘమే నేటి మలేషియా తెలుగు సంఘం. పిల్లలకు తెలుగు నేర్పే పని అది ఇంకా వదల్లేదు. ఖూలు ఇంటిపేరు పట్టుకుంటే, మనవాళ్లు భాషను పట్టుకున్నారు. రెండూ ఒడ్డు చేర్చే తాళ్లే.

ఇవాళ అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి హాలు అద్దెకు తీసుకుంటాం, సినిమావాళ్లను పిలుస్తాం, తెల్లారేసరికి ఖాతా ఖాళీ. ఖూలు ఎదురుదారిలో నడిచారు. హాలు అద్దెకు తీసుకోలేదు, అద్దెకు ఇచ్చారు. మలై భాషలోకి చేరిన 'కొంగ్సీ' అనే మాటకు ఈనాడు అర్థం పంచుకోవడం. పంచుకోవాలంటే ముందు ఉమ్మడిగా ఏదైనా ఉండాలి. ఈ ఏడాది మీ సంఘం వసూలు చేసే చందాలో పదో వంతైనా అలా నిలవ వేయండి.