మర తలకిందులైతే: మన షెడ్డులో రౌటర్ బల్ల, దాని వెనక కథ



పోయిన మీటింగులో లెక్కలు చదువుతూ "రౌటర్ బల్లకు సామాను" అనగానే వెనక వరసలోంచి ఒకరు "మన ఆఫీసుకు ఇంటర్నెట్టు ఎప్పుడు పెట్టించారండీ?" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. వారి తప్పు లేదు. ఈ రోజుల్లో మహదేవపురలో రౌటర్ అంటే ఇంటింటా గోడకు మినుకుమినుకుమనే డబ్బానే. మేము చెప్పింది కొయ్యలో గాడి తీసే, అంచులు గుండ్రం చేసే మర. మన చుట్టుపక్కల ఫ్లాట్లలో పని చేసే వడ్రంగులు కొందరు దాన్ని రూటర్ అంటారు, చిన్నదైతే ట్రిమ్మర్ అంటారు. ఆ మరను మన షెడ్డులో బల్ల కింద తలకిందులుగా ఎందుకు బిగించామో, అలా బిగించడం ఎక్కడి నుంచి వచ్చిందో రాయమని కొందరు అడిగారు. మాది తమిళ మీడియం చదువు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో హిందీ, ఇంగ్లీషు, కన్నడం. తెలుగు రాత రిటైరయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

ముందు అవసరం సంగతి. మన బొమ్మల కొలువు మెట్లు మీరందరూ చూసినవే. ఏడు మెట్లు, పాత ప్లైవుడ్డు, అంచులు రంపం కోసినట్టే ఉండేవి. రెండేళ్ళ కిందట దసరాలో ఒక పాప మోకాలు ఆ అంచుకు తగిలి చీరుకుపోయింది. అప్పుడే అనుకున్నాము, కొత్త మెట్లు చేయాలి, అంచులకు గుండ్రటి బద్ద వేయాలి, వెనక పలక గాడిలో కూర్చోవాలి అని. చేయించుకోవచ్చు. కానీ రిటైరైన ముగ్గురం ఉన్నాము, షెడ్డు ఉంది, పొద్దు ఉంది. ఒకరు పక్కనే దూరవాణి నగర్ ఐటీఐలో పని చేసినవారు, ఒకరు బ్యాంకువారు, మిగిలినది రైల్వే గుమాస్తా.

అయితే గుమాస్తా ఇంట్లో కొయ్య కొత్త కాదు. మా నాయన పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో వడ్రంగి. మద్రాస్ రైల్వేవారు 1856లో పెట్టిన వర్క్‌షాపు అది. రైలుపెట్టె అంటే ఒకప్పుడు కొయ్య పనే కదా. అడుగున ఇనుప చట్రం, పైన టేకు. తలుపు, కిటికీ, సీటు, పైకప్పు కింది బద్ద, అన్నీ వడ్రంగి చేతివే. 1955లో అదే పెరంబూరులో ఐసీఎఫ్ మొదలై పూర్తి ఉక్కు పెట్టెలు తయారు చేయడంతో ఆ కాలం మెల్లగా వెనకబడింది. ఇటు బెంగుళూరులో హెచ్ఏఎల్‌వారు రైలుపెట్టెలు కట్టారు, 1964లో బీఈఎంఎల్ పుట్టాక ఆ పని దానికి పోయింది. మా నాయన రిటైరయ్యే నాటికి ఆయనకు మిగిలింది ఎక్కువగా రిపేరు పనే.

ఆయన ఒక మాట అనేవారు: "చిన్న మర చెక్క దగ్గరికి పోతుంది. పెద్ద మర దగ్గరికి చెక్కే రావాల." రౌటర్ బల్ల చరిత్ర అంతా ఈ మాటలోనే ఉందని మాకు ఇప్పుడు అర్థమైంది.

మొదట మర లేదు, పనిముట్టు ఉండేది. గాడి అడుగు సమంగా గీకడానికి చిత్రికలాంటి చిన్న కొయ్య దిమ్మ, దాని పొట్టలోంచి కిందికి పొడుచుకువచ్చే ఒకే ఒక ఉలిపన్ను. ఇంగ్లండు వడ్రంగులు దాన్ని "ముసలమ్మ పన్ను" అని పిలిచారు. ఎందుకో చెప్పనక్కర లేదు! 1880ల్లో అమెరికా స్టాన్లీ కంపెనీ దాన్నే ఇనుముతో చేసి అమ్మింది. రౌటర్ అన్న పేరు ముందు ఈ చేతి పనిముట్టుదే, కరెంటు మరకు తరవాత వచ్చింది.

పెద్ద మర కథ ఇంకా పాతది. ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1791, 1793లో కొయ్య పని యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. తిరిగే కత్తితో చెక్కడం ఎన్ని రకాలుగా చేయవచ్చో వాటిలో రాసిపెట్టాడు. ఆయన నౌకాదళం కార్ఖానాల అధికారి. ఆయన కాలంలోనే పోర్ట్స్‌మత్‌లో బ్రూనెల్ గీసిన, మాడ్స్‌లే చేసిన 45 యంత్రాలు ఓడల కప్పీలు చేయడం మొదలుపెట్టాయి. 110 మంది నేర్చిన పనివాళ్ళ పని 10 మంది చేయగలిగారని చరిత్ర పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. మిగతా 100 మంది ఇంటికి ఏం తీసుకుపోయారో రాయరు. తరవాత వచ్చిన స్పిండిల్ మోల్డర్‌లో బల్ల మధ్య బొక్కలోంచి కత్తి పైకి లేచి తిరుగుతుంటుంది, మనిషి బద్దను దానికి ఆనించి తోస్తాడు. తలుపు చట్రాలకు, కిటికీ బద్దలకు అదే. మన బల్ల దీనికి మనవడు.

మన ఏటికొప్పాకలోనూ, ఇక్కడికి దగ్గరి చన్నపట్నంలోనూ బొమ్మలు చేసేటప్పుడు చూశారా? అక్కడ కొయ్య తిరుగుతుంది, ఉలి చేతిలో నిలకడగా ఉంటుంది. అంకుడు కర్ర మెత్తన కాబట్టి ఆ పని సుఖం. ఇక్కడ కొయ్య తిరగదు, కత్తి తిరుగుతుంది. నిమిషానికి ఇరవై వేల చుట్లకు పైనే.

చేతిలో పట్టే కరెంటు రౌటర్ మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. అమెరికాలో సిరక్యూస్ ఊరివాడు ఆర్. ఎల్. కార్టర్, పోత అచ్చులు చేసే పనివాడు, మంగలి క్లిప్పరు మోటారుకు కత్తి బిగించి మొదటిది చేశాడని చెప్పుకుంటారు. 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీ కొనేసింది. 1950 ప్రాంతంలో జర్మనీ ఎలూ కంపెనీ, మోటారును పైనుంచి కిందికి నొక్కి గాడిలోకి దింపే రకం తెచ్చింది. అంటే బల్లకు కట్టిపడి ఉన్న కత్తి విడిపోయి చేతికి వచ్చింది, మర చెక్క దగ్గరికి పోవడం నేర్చింది. ఇక ఇంట్లో పని చేసుకునేవాళ్ళేం చేశారు? స్పిండిల్ మోల్డర్ కొనే స్తోమత లేక, ఈ చేతి మరనే తలకిందులు చేసి బల్ల కింద బిగించి, మళ్ళీ చెక్కనే దాని దగ్గరికి రప్పించారు. నూటయాభై ఏళ్ళు తిరిగి బండి బయల్దేరిన స్టేషనుకే వచ్చింది!

మన ఊరి వడ్రంగులు ఈ తలకిందుల విద్యను ఏ పుస్తకమూ చదవకుండానే పట్టుకున్నారు. మహదేవపుర 2007లో బీబీఎంపీలో కలిసింది. ఐటీపీఎల్ రోడ్డు పొడుగునా ఫ్లాట్లు లేచాయి. ప్రతి ఫ్లాటుకు వార్డ్‌రోబు, కిచెను, టీవీ గోడ. కదిరి, రాయచోటి, మదనపల్లె వైపు నుంచి మనవాళ్ళు, రాజస్థాన్ నుంచి సుతార్‌లు వచ్చారు. రాయి కోసే చిన్న కట్టరును ప్లైవుడ్డు ముక్క కింద బోర్లించి బిగించి, బ్లేడు పైకి వచ్చేలా చేస్తే అదే వాళ్ళ రంపం బల్ల. కొత్త ఫ్లాటు హాల్లో రెండు పెయింటు డబ్బాల మీద అది నిలబడి ఉండడం మీరందరూ చూసే ఉంటారు. చిన్న రౌటరు పని మాత్రం ఎక్కువగా మైకా అంచులు కోయడం. ఈ మైకా మాటకూ ఒక కథ ఉంది. 1913లో అమెరికాలో ఫార్మైకా కంపెనీ పుట్టింది కరెంటు పనుల్లో అభ్రకానికి బదులు, అంటే "ఫర్ మైకా", ఒక రేకు చేయడానికి. అసలు అభ్రకం మన నెల్లూరు జిల్లా గూడూరు గనుల్లోనూ తవ్వేవారు. ఇప్పుడు అభ్రకం రవ్వ కూడా లేని రేకును మనమందరం మైకా అనే అంటున్నాము.

ఇక మన బల్ల. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకే నేరుగా మరను బిగిస్తే పలక మందమంతా వృథా, బిట్టు పైకి చాలినంత రాదు. అందుకని పలకలో చదరంగా కిటికీ కోసి, చుట్టూ మెట్టు తీసి, అందులో 10 మిల్లీమీటర్ల హైలం షీటు కూర్చోబెట్టాము. ఎస్పీ రోడ్డులో తూకానికి కోసి ఇచ్చారు. కరెంటు బోర్డులకు వాడే ఆ గోధుమ రంగు షీటును దేశమంతా హైలం అనే పిలుస్తారు. హైదరాబాదు బేకలైట్ హైలం కంపెనీ పేరు సరుకు పేరైపోయింది. ముట్టుకోగానే మా ఐటీఐ మిత్రులు "ఇది మా నల్ల ఫోను జాతి" అన్నారు. నిజమే, 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన ఆ జిగురు వంశమే. వంగదు, కరెంటు పారదు. మర అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్ళెం తీసి, దాని బెజ్జాలనే షీటు మీద గుర్తు పెట్టుకుని, బోల్టు తలలు లోపలికి దిగేలా బెజ్జం నోరు వెడల్పు చేశాము. తల ఒక వెంట్రుకంత పైకి ఉన్నా బద్ద దానికి తట్టుకుని ఆగుతుంది. షీటు నాలుగు మూలలా కింద చిన్న స్క్రూలు పెట్టి పలకతో సమం చేశాము.

గైడు బద్ద బల్ల అంచుకు సమాంతరంగా ఉండాలని బ్యాంకు మిత్రులు రెండు రోజులు కొలిచారు. అక్కర లేదు. రంపం బల్లకైతే కావాలి. ఇక్కడ లెక్క బిట్టు నుంచి బద్దకు ఉన్న దూరమే కాబట్టి, ఒక కొన బోల్టు మీద తిరిగేలా ఉంచి రెండో కొన జరిపి బిగిస్తే చాలు. స్విచ్చి మర మీద కాదు, చేతికి అందేలా బల్ల ముందు వైపు పెట్టాము.

దిక్కు మాత్రం మరిచిపోకూడదు. చేత్తో పట్టి అంచు చెక్కేటప్పుడు అంచుకు ఎదురుగా నిలబడి మరను ఎడమ నుంచి కుడికి నడపాలి. బోర్లించగానే తిరిగే వైపు మనకు తారుమారవుతుంది. బల్ల మీద బద్దను కుడి నుంచి ఎడమకు తోయాలి. తప్పు వైపు తోస్తే కత్తి బద్దను లాక్కుని విసిరేస్తుంది, వెనకే చెయ్యి పోతుంది. బద్దను గైడుకూ బిట్టుకూ మధ్యలోంచి దూర్చడం ఇంకా ప్రమాదం. మా నాయన స్నేహితులొకరికి కుడిచేతి మీద రెండు వేళ్ళే పూర్తిగా ఉండేవి. చిన్నప్పుడు మేము ఆయన దగ్గర ఒకట్లు, రెండ్లు నేర్చుకోబోతే మా అమ్మ కసిరేది.

ఇంత తెలిసీ మేము చేసిన తప్పు వేరే. వెనక పలక కోసం పక్క చెక్కల్లో గాడి తీస్తున్నాము. మొదట్లో రెండు నూళ్ళ లోతు, చివరికి వచ్చేసరికి మూడు నూళ్ళు! షీటు కుంగిందని ఒకరు, ప్లైవుడ్డు ఉబ్బిందని ఒకరు. నాలుగు చెక్కలు పాడయ్యాయి. మూడో అంతస్తులో పని చేస్తున్న కదిరి కుర్రవాడు నీళ్ళకు వచ్చి నిలబడి చూశాడు. "ఆపండి సార్" అని స్విచ్చి తనే కట్టేశాడు. ప్లగ్గు కూడా పీకి, బిట్టు పట్టుకుని లాగితే చేతికి వచ్చేసింది. "ఇది రెండు సూతుల చక్కు. మీరు ఏసింది ఆరు ఎమ్మెమ్ బిట్టు. ఇంకో చెక్క తోసుంటే ఇది ఎగిరొచ్చి మొగానికి తగిలేది."

చక్కు అంటే బిట్టు కాడను బిగించి పట్టే చీలికల గొట్టం, కొలెట్. మన మర పాతది, కొలెట్ పావు అంగుళం. బిట్లు ఆన్‌లైనులో తెప్పించినవి, కాడ 6 మిల్లీమీటర్లు. పావు అంగుళం అంటే 6.35. తేడా మిల్లీమీటరులో మూడో వంతు. బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. తిరిగే కొద్దీ జారి పైకి వస్తుంది, గాడి లోతవుతుంది. దోషం మరదీ కాదు, అమ్మినవారిదీ కాదు. రెండు అంకెలూ వాటి మీద రాసే ఉన్నాయి, చదవనిది మేము.

ముప్పై ఏళ్ళు రైల్వేలో కాగితాలు చూసినవాళ్ళం ఇది చదవకపోవడం సిగ్గు. మన బ్రాడ్‌గేజీ 1676 మిల్లీమీటర్లు అని రాస్తాము. ఎవరైనా అలాంటి అంకె ఏరికోరి పెట్టుకుంటారా? అయిదడుగుల ఆరంగుళాలకు మెట్రిక్ చొక్కా తొడిగారు, అంతే. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకు, మన కృష్ణరాజపురం మీదుగా, పట్టాలు పడింది ఆ అడుగులు, అంగుళాల్లోనే. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది, 1957లో నయాపైసలు వచ్చాయి, 1959లో అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లని ఇంగ్లీషు దేశాలు కూడా ఒక మాట మీదికి వచ్చాయి. ప్లైవుడ్డు దుకాణంలో మాత్రం ఈనాటికీ పలక పొడుగు, వెడల్పు ఎనిమిది నాలుగు అడుగులు, మందం 18 మిల్లీమీటర్లు. ఒకే పలకలో రెండు రాజ్యాలు.

మా నాయన అడుగుబద్ద ఇంకా మా ఇంట్లో ఉంది. అంగుళానికి ఎనిమిది గీతలు. ఒక్కో గీతను ఆయన తమిళ పనివాళ్ళతో కలిసి "నూల్" అనేవారు. కదిరి కుర్రవాడు హిందీవాళ్ళ దగ్గర నేర్చి "సూతు" అంటాడు. రెండిటికీ అర్థం దారమే. సుతార్ అన్న పేరూ దారం పట్టినవాడన్న సూత్రధారుడి నుంచే వచ్చింది. ఆయన రెండు నూల్ అన్నదీ, ఈ పిల్లవాడు రెండు సూతులన్నదీ ఒకే 6.35.

మరునాడే పావు అంగుళం కాడ ఉన్న బిట్లు తెప్పించాము. కాడను కొలెట్‌లో అడుగంటా దింపి, రెండు మిల్లీమీటర్లు వెనక్కి తీసి బిగించడం కూడా ఆ కుర్రవాడే చూపించాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కొలువు రోజు ఇంటిదాన్ని తీసుకొస్తాను సార్ అన్నాడు. పాత 6 మిల్లీమీటర్ల బిట్లను డబ్బాలో కట్టి పైన ఎర్ర సిరాతో రాసి పెట్టాము, ఎవరూ తీయకండి. బల్ల ముందు అంచున కుడి నుంచి ఎడమకు ఒక బాణం గీశాము.

మెట్లు అయిదు పూర్తయ్యాయి. అంచు బద్దలు సిల్వర్ ఓక్, కాఫీ తోటల్లో నీడకు పెంచే చెట్టు. గుండ్రం బాగా వచ్చింది. మిగతా రెండూ మహాలయ అమావాస్య లోపల అవుతాయి. శనివారం పొద్దున పది నుంచి షెడ్డు తెరిచి ఉంటుంది. చూడడానికి రండి, పొడుగు చేతుల చొక్కా మాత్రం వేసుకుని రాకండి.

పాడైన నాలుగు చెక్కల ఖర్చు సంఘం లెక్కలో వేయలేదు, ముగ్గురం పంచుకున్నాము.