పానపాత్రపై మూత

స్పెయిను దేశమున రాత్రిభోజనము మిక్కిలి ఆలస్యము. తొమ్మిది, పది గంటలు కానిదే అచటివారు భోజనమునకు కూర్చుండరు. పొద్దుగ్రుంకినది మొదలు అంతవరకు గల కాలమును మిత్రులతోను, బంధువులతోను వీధులలో గడపుదురు. ఒక పానశాలలో చిన్న గ్లాసు ద్రాక్షాసవమో, బీరో. దానితో రెండు మూడు కబళముల వంటకము. అది ముగిసినంతనే సందు తిరిగి మరియొక పానశాల. పలువురు నిలుచుండియే ఒక పళ్ళెమునుండి పంచుకొని తిందురు. త్రాగుడుకన్న మాటలే ఆ సాయంకాలమునకు ముఖ్యము. ఈ చిన్న పళ్ళెములకే తాపాలని పేరు.

తాపా అనగా మూత. పూర్వము పాత్రలో దుమ్ము, ఈగలు పడకుండ రొట్టెముక్కనో, మాంసపు ముక్కనో పైన మూతగా ఉంచెడివారనియు, అందుచేత ఈ పేరు వచ్చినదనియు చెప్పుదురు. 13వ శతాబ్దపు రాజగు పదవ ఆల్ఫొన్సో ఈ ఆచారమును నెలకొల్పెనని ఒక కథ. కాడిజ్ తీరమున పదమూడవ ఆల్ఫొన్సో పాత్రలో ఇసుక పడకుండ సేవకుడు మాంసపు ముక్కను కప్పెనని మరియొక కథ. ఇవి వినుటకు ఇంపైనవే కాని, చరిత్ర యనదగినవి కావు. నిజమైన చరిత్ర ఆ పళ్ళెములలోని పదార్థములయందున్నది.

సెవిల్ నగరమున ఎల్ రిన్‌కొన్‌సియో అను పానశాల 1670లో స్థాపితమైనది. అచట పనివారు నేటికిని లెక్కను సుద్దతో బల్లమీదనే వ్రాయుదురు. ఉప్పు పట్టించి ఆరబెట్టిన పందితొడలు పైన వ్రేలాడుచుండును. వానితోపాటు ఆ పానశాలకు పేరు తెచ్చిన వంటకము పాలకూర, శనగల కూర. ఈ రెండు వంటకములును ఒకే బల్లపైకి చేరుట సామాన్యముగా జరిగినది కాదు.

పాలకూరను ఆ దేశమునకు తెచ్చినవారు అరబ్బులు. 12వ శతాబ్దమున సెవిల్ వాసియగు ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథమున దాని సాగును వివరించెను. ఆలివుకాయకు స్పానిషు పేరగు అసెయితూనా అరబ్బీ పదమే. 1248లో క్రైస్తవరాజగు మూడవ ఫెర్డినాండు సెవిల్‌ను జయించిన పిమ్మటను ఆ రుచులు, ఆ మాటలు నిలిచినవి.

మనుష్యులు మాత్రము నిలువలేకపోయిరి. 1481లో సెవిల్ నగరమందే మతవిచారణ న్యాయస్థానము తన తొలి మరణశిక్షలను అమలు జరిపించెను. 1492లో యూదులు దేశమునుండి వెడలగొట్టబడిరి. మతము మార్చుకొని మిగిలినవారి వంటయిండ్లపై నిఘా ఏర్పడెను. పందిమాంసము ముట్టనివాడును, కొవ్వునకు మారుగా నూనెతో మాంసము వండువాడును అనుమానమునకు పాత్రులు. అట్టి దినములలో నలుగురియెదుట పందిమాంసము తినుట ఆకలికొరకు మాత్రమే కాదు. 1609 మొదలు 1614 వరకు, ముస్లిముల సంతతివారై క్రైస్తవము పుచ్చుకొన్న మొరిస్కోలను, ఇంచుమించు 3 లక్షలమందిని, దేశమునుండి పంపివేసిరి.

ఆ మరుసటి సంవత్సరమే, 1615లో, సెర్వాంటిసు రచించిన డాన్ క్విక్సోటు రెండవభాగము వెలువడెను. అందు సాంకో పాంజాకు దారిలో రికోతే అను పాత పొరుగువాడు కలియును. అతడు మొరిస్కో. యాత్రికుని వేషమున, ప్రాణములకు తెగించి స్వదేశమునకు తిరిగివచ్చినవాడు. వారందరును గడ్డిపై కూర్చుండి ఆలివుకాయలు, జున్ను, అక్రోటులు, పందితొడ ఎముకలు ముందిడుకొని, తిత్తులలోని ద్రాక్షాసవము త్రాగుదురు. రాజాజ్ఞ విడదీసిన పొరుగువారిని ఆ కొద్దిపాటి తిండి ఒక్కపూట కలిపినది. దానినెవరును తాపా యనలేదు. కాని తాపాకు ప్రాణము అదియే.

1503 నుండి అమెరికా వర్తకమునకు సెవిల్ కేంద్రమైనందున, క్రమముగా బంగాళాదుంప, టమాట, మిరప వచ్చి ఆ వంటలలో చేరినవి. మన గుంటూరు మిరపకును పుట్టినిల్లు ఆ ఖండమే.

మతవిచారణ న్యాయస్థానము తుదకు 1834లో రద్దైనది. నేటి సాయంకాలమున ఆ పానశాలలో ఒకడు పందిమాంసమును, పక్కవాడు పాలకూరను కోరును. ఎవడేది తినెనో కనిపెట్టువారు లేరు. సుద్దతో వ్రాసిన లెక్కను తుడిచివేసి, వారు నవ్వుచు మరియొక వీధికి సాగిపోవుదురు. ఆ పాటి నిశ్చింతకు ఆ నగరము 353 సంవత్సరములు వేచియుండవలసివచ్చినది.