డ్రై సోల్డర్ అనే తీర్పు

పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో బొమ్మ పోతే ఇంట్లో చేసే మొదటి వైద్యం నెత్తిన ఒక దెబ్బ. చాలాసార్లు బొమ్మ వచ్చేది కూడా. అదీ పనిచేయని రోజున మెకానిక్ వచ్చి, వెనక మూత విప్పి, బోర్డు తిరగేసి, "డ్రై సోల్డర్ అండీ" అనేవాడు. పగిలిన అతుకు మీద ఐరన్ ఆనించి కొత్త టంకం పోస్తే టీవీ మరికొన్నేళ్ళు నడిచేది.

టంకం మనకు పాత విద్యే. కంసాలి వెలిగారం వాడినా, గిన్నెలకు కళాయి పూసేవాడు నవాసాగరం వాడినా ఉద్దేశం ఒకటే: పైపొరలోని మకిలిని పోగొట్టి, కరిగిన లోహం పట్టుకునేలా చేయడం. బోర్డు మీద ఆ పని ఫ్లక్స్ చేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌లో దశాబ్దాలపాటు ఏలిన టంకంలో 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం. ఈ పాళ్ళకో సుగుణం ఉంది. 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముద్దగా మారే దశ లేకుండా ఒక్కసారే కరుగుతుంది, ఒక్కసారే గడ్డకడుతుంది. అతుకు మెరిస్తే మంచిది, మసకగా ఉంటే అనుమానించాలి. మెకానిక్ కన్ను నేర్చుకున్న సూత్రం ఇదే.

2006 జులై 1న యూరప్‌లో ఆ సూత్రం చెల్లకుండా పోయింది. పారేసిన పరికరాల్లోని సీసం మట్టినీ నీటినీ, వాటిని విరగ్గొట్టే మనుషుల్నీ పాడుచేస్తోందని యూరోపియన్ యూనియన్ దాన్ని చాలా పరికరాల్లో నిషేధించింది. కొత్త టంకాల్లో బాగా వాడుకలోకి వచ్చినదాంట్లో 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, అర శాతం రాగి. కరగడం మొదలయ్యేది 217 డిగ్రీల దగ్గర. మంచి అతుకు కూడా కాస్త మసకగానే ఉంటుంది. రీవర్క్‌లో వేడి ఎక్కువ కావాలి, ఎక్కువైతే బోర్డు మీది రాగి ప్యాడ్ లేచిపోతుంది. పైగా అప్పటికే పెద్ద చిప్పుల అతుకులు కాళ్ళ దగ్గర్నుంచి అడుగునున్న బంతుల్లోకి మారిపోయాయి. ఎక్స్‌రే లేకుండా వాటిని చూడలేం.

సరిగ్గా ఈ అయోమయంలోనే ఎక్స్‌బాక్స్ 360 ఎర్రలైట్ల గొడవ వచ్చింది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. "సీసం తీసేశారు, అందుకే" అని జనం తీర్పు చెప్పేశారు. కొందరు టవల్ చుట్టి మెషీన్‌ని వేడెక్కించారు. రిపేరు షాపులు చిప్పు ఊడదీసి, కొత్త బంతులు వేసి, మళ్ళీ అతికాయి. కొన్ని పనిచేశాయి కూడా. ఇంకేం, తీర్పు ఖాయమైపోయింది.

2021లో మైక్రోసాఫ్ట్ సొంత డాక్యుమెంటరీలో ఇంజనీర్లు చెప్పింది వేరు. ఆన్ చేసినప్పుడల్లా వేడెక్కి, ఆపినప్పుడల్లా చల్లారి, చిప్పు ప్యాకేజీ లోపలి సన్నని కనెక్షన్లు తెగాయి. బోర్డు మీది అతుకులు కాదు. అంతకుముందే, 2008 జులైలో, ఎన్విడియా కూడా కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజీలో బలహీనమైన పదార్థాలున్నాయని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల ఖర్చు ప్రకటించింది.

మరి వేడిచేస్తే ఎందుకు పనిచేశాయి? బయటి బంతుల్ని కరిగించే వేడి చిప్పు లోపలికీ వెళ్తుంది. తెగిన చివరలు కొన్నాళ్ళు మళ్ళీ తాకుతాయి. టీవీ నెత్తిన దెబ్బ చేసిందీ ఇదే. అందుకే రీవర్క్ తర్వాత బోర్డు లేచిందంటే రోగం తెలిసిందని కాదు. పాత చిప్పుకే కొత్త బంతులు వేసినప్పుడు నెలకే మళ్ళీ చచ్చి, కొత్త చిప్పుతో నిలబడితే, తప్పు టంకానిది కాదని అనుకోవచ్చు. ఈ తేడా తెలియని షాపులో కస్టమర్ రెండుసార్లు డబ్బు కడతాడు. చివరికి బోర్డు తుక్కులోకి పోతుంది.

నన్ను ఇబ్బందిపెట్టేది అక్కడే. ఆ తుక్కుని చేతులతో విప్పే, మంట మీద కాల్చే మనుషుల కోసం కూడా వచ్చిన చట్టం అది. చిప్పు చేసిన తప్పుకి మనం దాన్ని తిట్టాం. తిడుతూ తిడుతూ వాళ్ళ తుక్కుకుప్పను ఇంకాస్త పెంచాం.