రియల్ ఐడి

రియల్ ఐడి అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సమాఖ్య ప్రభుత్వ ప్రమాణాలకు అనుగుణంగా రాష్ట్రాలు జారీచేసే డ్రైవింగ్ లైసెన్సు లేదా గుర్తింపు కార్డు. ఈ కార్డు పైభాగంలో నక్షత్రం గుర్తు ఉంటుంది. 2025 మే 7 నుండి ఆ దేశంలో అంతర్గత విమాన ప్రయాణానికి నక్షత్రం లేని సాధారణ లైసెన్సు సరిపోదు.

చరిత్ర

2001 సెప్టెంబరు 11 దాడులకు పాల్పడిన హైజాకర్లలో పలువురు అమెరికా రాష్ట్రాల గుర్తింపు కార్డులను పొంది ఉన్నారు. ఈ దాడులపై విచారణ జరిపిన కమిషన్, కార్డుల జారీకి దేశమంతటా ఒకే ప్రమాణాలు ఉండాలని 2004లో సూచించినది. 2005 మే 11న అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ సంతకంతో రియల్ ఐడి చట్టం వచ్చినది. విచిత్రమేమిటంటే ఇది సైనిక వ్యయం, సునామీ సహాయాలకు సంబంధించిన నిధుల బిల్లుకు జతపరచబడి ఆమోదం పొందినది.

ఖర్చు తమపై పడుతుందని, పౌరుల గోప్యతకు భంగమని రాష్ట్రాలు అభ్యంతరం తెలిపాయి. మెయిన్ రాష్ట్ర శాసనసభ 2007లో దీనిని వ్యతిరేకిస్తూ తీర్మానించినది. మొదట 2008గా ఉన్న గడువు పలుమార్లు వాయిదా పడినది. కోవిడ్ మహమ్మారి కారణంగా 2020 అక్టోబరు గడువు కూడా దాటిపోయి, చివరకు చట్టం వచ్చిన ఇరవై ఏళ్ళకు అమలైనది.

కావలసిన పత్రాలు

దరఖాస్తుదారు స్వయంగా రాష్ట్ర మోటారు వాహనాల కార్యాలయానికి వెళ్ళాలి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ సంఖ్య, దేశంలో చట్టబద్ధ నివాసం, ఇంటి చిరునామా నిరూపించాలి. చిరునామాకు రెండు ఆధారాలు అవసరం. జనన ధ్రువపత్రంలోని పేరుకు ఇప్పటి పేరుకు తేడా ఉంటే మధ్యలోని ప్రతి మార్పుకూ పత్రం చూపాలి. అందువలన వివాహానంతరం ఇంటిపేరు మార్చుకున్న స్త్రీలకు, ముఖ్యంగా ఒకటికి మించి వివాహాలైనవారికి, ఈ నిబంధన ఎక్కువ శ్రమ కలిగిస్తుంది. కొత్త కార్డు వచ్చేలోగా ఇచ్చే తాత్కాలిక కాగితం విమానాశ్రయంలో చెల్లదు.

ప్రవాస తెలుగువారు

హెచ్-1బి వంటి వీసాలపై ఉన్నవారు కూడా రియల్ ఐడికి అర్హులే. అయితే ఆ కార్డు గడువు వారి నివాస అనుమతి గడువుతోనే ముగుస్తుంది. అనుమతి పొడిగింపు పత్రం ఆలస్యమైతే లైసెన్సూ ఆగిపోతుంది.

పేర్లది మరొక చిక్కు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వ్రాయడం ఆచారం. కొందరి భారతీయ పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అటువంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో "పేరు తెలియదు" అనే అర్థంలో ఎఫ్.ఎన్.యు. అనే అక్షరాలు చేరతాయి. ఇవే లైసెన్సు మీదకూ రావచ్చును. టికెట్టును గుర్తింపు కార్డులో ఉన్న పేరుతోనే కొనాలి.

ప్రత్యామ్నాయాలు

రియల్ ఐడి తీసుకోవడం తప్పనిసరి కాదు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఉద్యోగ అనుమతి కార్డు, సైనిక గుర్తింపు కార్డులలో ఏదైనా సరిపోతుంది. విదేశీ పాస్‌పోర్టు కూడా చెల్లుతుంది కనుక పిల్లలను చూడడానికి వెళ్ళిన తల్లిదండ్రులు అమెరికాలో ఊరి నుండి ఊరికి ఎగిరేటప్పుడు భారతీయ పాస్‌పోర్టును వెంట ఉంచుకోవాలి. ఆధార్, పాన్ కార్డులు అక్కడ పనికిరావు. పెద్దలతో వెళ్ళే 18 ఏళ్ళ లోపువారికి గుర్తింపు కార్డు అడగరు.

ఏ కార్డూ లేనివారు 2026 ఫిబ్రవరి 1 నుండి 45 డాలర్లు చెల్లించి, రవాణా భద్రతా సంస్థ చేత వేరొక పద్ధతిలో గుర్తింపు సరిచూపించుకోవచ్చును. ఈ రుసుము 10 రోజుల ప్రయాణానికి వర్తిస్తుంది. గుర్తింపు రుజువు కాకపోతే మాత్రం రుసుము కట్టినా విమానం ఎక్కనివ్వరు.