ఇక్కడే పాడాలి, ఇంకెక్కడా పాడకూడదు



పోయిన మాఘమాసంలో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర కన్నడంలో చరిత్ర చదువుకున్నవాడు. ఇంట్లో మాట మాత్రం మనలాగే తెలుగు. చదువు అంతగా అబ్బలేదు గానీ గొంతు అబ్బింది. ఇప్పుడు మరో ఐదుగురు కుర్రాళ్ళను చేర్చుకొని ఆర్కెస్ట్రా నడుపుతున్నాడు. పెళ్ళి రిసెప్షన్లకూ, వినాయక చవితి పందిళ్ళకూ వెళ్ళి ఘంటసాల పాటలు, రాజ్‌కుమార్ పాటలు, ఏవి అడిగితే అవి పాడతారు. కీబోర్డు అప్పుచేసి కొన్నది. కంతులు ఇంకా తీరలేదు.

కాఫీ తాగాక జేబులోంచి మడిచిన కాగితం ఒకటి తీశాడు. "సార్, ఇది చెల్లుతుందా, చెల్లదా చెప్పండి" అన్నాడు.

ఒక కల్యాణ మండపం యజమానితో రాసుకున్న కాగితం అది. అందులో రెండే మాటలున్నాయి. మండపంలో జరిగే పెళ్ళిళ్ళకు వీళ్ళ ఆర్కెస్ట్రానే పెట్టిస్తామని యజమాని మాట. ఆ పట్నంలో ఇంకే మండపంలోనూ పాడమని వీళ్ళ మాట. ఎంతకాలమో రాయలేదు. ఐదు నెలలు బాగానే జరిగిందట. ఆరో నెలలో పక్క జిల్లా నుంచి వేరే ఆర్కెస్ట్రా ఒకటి తక్కువ డబ్బుకు వచ్చింది. రెండు మంచి ముహూర్తాలు వాళ్ళకు పోయాయి. ఆ రోజుల్లో మావాడు ఖాళీ. ఇంకో మండపం వాళ్ళు పిలిస్తే వెళ్ళబోయాడు. అప్పుడు యజమాని ఈ కాగితం చూపించి, "పాడితే కోర్టుకు లాగుతాను" అన్నాడు.

"ఆయన మాటకు గడియ లేదు గానీ నా గొంతుకు తాళం ఉందా సార్?" అన్నాడు వాడు.

నేను వకీలును కాను, బడిపంతులును. అయినా వాడి ప్రశ్న నాకు కొత్తది కాదు. ఈ తాళం కథ చాలా పాతది. మన దేశపు చట్టంలో దీనికి దొరికే జవాబు వెనుక ఒక గాయని మీద నడిచిన దావా ఉంది. అది జరిగింది 1852లో, లండన్ నగరంలో. ఆ కథ ఈ రోజు మీతో పంచుకుంటాను.

ఆ కాలంలో లండన్‌లో ఇటలీ సంగీత నాటకాలంటే పెద్ద మోజు. ఆపెరా అంటారు వాటిని. మన పద్య నాటకంలో పద్యానికి ఎంత విలువో ఆపెరాలో పాటకు అంత విలువ. చాలాకాలం ఆ వ్యాపారమంతా ఒకే నాటకశాల చేతిలో ఉండేది. దాని పేరు హర్ మెజెస్టీస్ థియేటర్. నడిపేవాడు బెంజమిన్ లమ్లీ, వృత్తికి వకీలు. అక్కడి వాద్యబృందాన్ని నడిపించే మైకేల్ కోస్టాకూ లమ్లీకీ చెడింది. కోస్టా బయటికి వస్తూ చాలామంది పాటగాళ్ళనూ వాద్యగాళ్ళనూ వెంట తీసుకొచ్చాడు. 1847 ఏప్రిల్‌లో కోవెంట్ గార్డెన్‌లో రెండో ఆపెరా మొదలైంది. అప్పటినుంచి ఊళ్ళో రెండు రంగస్థలాలు, రెండు జట్లు. వినే జనం మాత్రం వాళ్ళే.

పోటీ వచ్చిందంటే ముందు ధర పెరిగేది పేరున్న గొంతుకే. ఆ ఏడాదే లమ్లీ స్వీడన్ దేశపు గాయని జెన్నీ లిండ్‌ను లండన్‌కు పిలిపించాడు. అయితే ఆమె అంతకుముందే డ్రూరీ లేన్ థియేటర్‌ను నడిపే ఆల్‌ఫ్రెడ్ బన్‌కు మాట ఇచ్చి, సంతకం చేసి ఉంది. బన్ దావా వేశాడు. 1848లో అతనికి 2,500 పౌన్ల నష్టపరిహారం తీర్పయింది. అయినా లమ్లీకి దిగులు లేదు. జెన్నీ లిండ్ పాడినన్నాళ్ళూ టికెట్ల కోసం జనం తోసుకున్నారు. ఒకరికి మాట ఇచ్చిన గాయనిని ఇంకొకరు రప్పించుకోవడం ఎలాగో లమ్లీ స్వయంగా చేసి చూపించాడన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి.

నాలుగేళ్ళు గడిచాయి. ఇప్పుడు లమ్లీకి కొత్త గొంతు కావాలి. బెర్లిన్‌లో ప్రష్యా రాజుగారి ఆస్థాన గాయని యొహానా వాగ్నర్ పేరు మోగిపోతోంది. ప్రసిద్ధ సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్‌కు ఆమె అన్నకూతురు. 1851 నవంబరులో ఆమె తరఫున ఒక మధ్యవర్తి లమ్లీతో ఒడంబడిక రాశాడు. 1852 ఏప్రిల్ ఒకటి నుంచి మూడు నెలలు, వారానికి రెండు రాత్రులు పాడాలి. వారానికి వంద పౌన్లు. అందులో మూడు వందల పౌన్లు మార్చి 15 లోగా ముందుగా ఇవ్వాలి. మొదట రాసిన కాగితంలో లేని షరతు ఒకటి తరువాత చేరింది. లమ్లీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆమె మరే నాటకశాలలోనూ, కచేరీలోనూ, ఇళ్ళల్లో జరిగే సభల్లోనూ పాడకూడదు. మా విద్యార్థి జేబులోని కాగితంలో ఉన్నదీ ఇదే షరతు.

మార్చి 15 వచ్చింది. డబ్బు వేళకు అందలేదు. ఈలోగా కోవెంట్ గార్డెన్‌ను నడిపే ఫ్రెడరిక్ గై అంతకంటే ఎక్కువ డబ్బు ఇస్తానన్నాడు. గాయని తండ్రి ఆల్బర్ట్ వాగ్నర్ బేరం కుదిర్చాడు. ఆమె కోవెంట్ గార్డెన్‌లో పాడుతుందని ప్రకటన వచ్చింది. లమ్లీ పరుగున కోర్టుకు వెళ్ళాడు. గాయని మీద, తండ్రి మీద, గై మీద దావా.

కోర్టు ముందున్న చిక్కు ఇది. పాడతానని మాట ఇచ్చి పాడని మనిషిని పాడమని కోర్టు ఆజ్ఞాపించగలదా? బలవంతం మీద వచ్చే పాట పాటవుతుందా? ఆమె రంగస్థలం మీదికి వచ్చి నోరు విప్పకుండా నిలబడితే ఏ జడ్జీ ఏంచేస్తాడు? పొలం అమ్ముతానని మాట తప్పితే కోర్టు రిజిస్టరు చేయించగలదు. గొంతును అలా రిజిస్టరు చేయించలేదు. గాయని తరఫు వకీళ్ళ వాదన కూడా అదే. పాడించలేనప్పుడు, వేరేచోట పాడవద్దని ఆపే హక్కు మాత్రం ఎక్కడిదని అడిగారు. డబ్బు వేళకు రాలేదనీ అన్నారు.

1852 మే నెలలో లార్డ్ ఛాన్సలర్ సెయింట్ లెనర్డ్స్ తీర్పు చెప్పాడు. ఆమెను పాడించే శక్తి తనకు లేదని ఒప్పుకున్నాడు. కానీ ఆమె ఇచ్చిన మాటలు రెండు. ఇక్కడ పాడతానన్నది ఒకటి, ఇంకెక్కడా పాడనన్నది రెండోది. మొదటిదాన్ని కోర్టు నెరవేర్పించలేకపోయినా రెండోదాన్ని నిలబెట్టగలదన్నాడు. నిషేధపు ఉత్తర్వు ఖాయమైంది.

ఎవరికి లాభం కలిగిందో చూడండి. ఆ ఏడాది యొహానా వాగ్నర్ లమ్లీ దగ్గర పాడలేదు, గై దగ్గరా పాడలేదు. కేసు గెలిచిన లమ్లీ 1852 తరువాత నాటకశాల మూసుకోవలసి వచ్చింది. గై మీద వేరే దావా వేశాడు. ఒడంబడిక ఉందని తెలిసీ మనిషిని ఆశపెట్టి దాన్ని తెంపించడం తప్పే అవుతుందని 1853లో జడ్జీలలో ఎక్కువమంది అన్నారు. ఆ సూత్రం చట్టంలో నిలిచిపోయింది. లమ్లీకి మాత్రం డబ్బు రాలేదు. 1854లో విచారణ జరిగినప్పుడు, ఆమె లమ్లీకి కట్టుబడి లేదని గై నిజంగానే నమ్మాడని జ్యూరీ తేల్చింది. ఒకనాడు జెన్నీ లిండ్ విషయంలో తాను చేసిన పనికే లమ్లీ ఈసారి ఇంకొకరి మీద దావా వేసి, చేతులు కాల్చుకున్నాడు.

కథ అక్కడితో ముగియలేదు. 1856 మార్చిలో కోవెంట్ గార్డెన్ నాటకశాల కాలిపోయింది. ఊళ్ళో ఆపెరాకు వేదిక లేకపోయేసరికి లమ్లీ తన తలుపులు మళ్ళీ తెరిచాడు. ఆ వేసవిలో అతని రంగస్థలం మీద పాడినవారిలో యొహానా వాగ్నర్ కూడా ఉంది. నాలుగేళ్ళ క్రితం కోర్టు పాడించలేని గాయని, ఈసారి తనంతట తాను వచ్చి పాడింది.

ఇక మన దేశానికి వద్దాం. 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ ఉంది. ఎవరినైనా న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డే ఒడంబడిక ఆ మేరకు చెల్లదని దాని సారం. బతుకుతెరువుకు అది ఒక కంచె. ఐదేళ్ళ తరువాత, 1877లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం వచ్చింది. లండన్ గాయని తీర్పులోని సూత్రం దాని 57వ సెక్షన్‌లోకి ఎక్కింది. ఒక నాటకశాలలోనే పాడతాను, బయట పాడను అని మాట ఇచ్చినవాణ్ణి పాడించలేం గానీ బయట పాడకుండా ఆపవచ్చు అని ఉదాహరణ కూడా రాశారు. 1963లో వచ్చిన కొత్త చట్టంలో అదే సూత్రం 42వ సెక్షన్ అయింది.

ఈ రెండు చట్టాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవా అని మీరు అడగవచ్చు. 1967లో సుప్రీంకోర్టు ఒక నూలు మిల్లు ఉద్యోగి కేసులో ఇది తేల్చింది. ఒడంబడిక నడిచే కాలంలో ఇంకొకరి దగ్గర పనిచేయనన్న షరతు, అది మరీ ఏకపక్షంగా లేకపోతే, చెల్లుతుంది. 2006లో క్రికెట్ ఆటగాడు జహీర్ ఖాన్ కేసులో, ఒడంబడిక గడువు తీరాక కూడా మనిషిని కట్టివేసే షరతు చెల్లదంది. మాట ఉన్నన్నాళ్ళే కట్టు, మాట తీరితే కట్టూ తీరుతుంది.

నేను మావాడికి వేలుపెట్టి చూపింది 42వ సెక్షన్ చివరి వాక్యం. ఇంకెక్కడా పాడవద్దని నిషేధం కోరి కోర్టుకు వచ్చినవాడు, ఒడంబడికలో తన వంతు మాట తప్పి ఉండకూడదు. తాను తప్పి ఎదుటివాణ్ణి కట్టెయ్యమంటే ఆ సెక్షన్ తోడు రాదు. ఆ తాళానికి రెండు చెవులున్నాయి శ్రోతలారా. ఒకటి పాడేవాడి దగ్గర, ఒకటి పాడించేవాడి దగ్గర. రెండు ముహూర్తాలు వేరే ఆర్కెస్ట్రాకు ఇచ్చిన రోజునే యజమాని తన చెవిని పారేసుకున్నాడు.

"అయితే గెలుస్తామా సార్?" అన్నాడు వాడు. లమ్లీ గెలిచి ఏం బావుకున్నాడో చెప్పాను. కోర్టుకు పోయేముందు ఒక పెద్ద వకీలుగారి దగ్గరికి పొమ్మన్నాను. కొత్తగా రాసుకుంటే నాలుగు సంగతులు తప్పక రాయమన్నాను. ఎంతకాలమో రాయాలి. ఏయే ముహూర్తాలో రాయాలి. వేరేచోట పాడకుండా ఖాళీగా ఉన్న రోజుకు ఎంత ఇస్తారో రాయాలి. వాళ్ళు మాట తప్పితే వీళ్ళ కట్టు అదే రోజు తెగుతుందని రాయాలి.

లేస్తూ వాడు ఒక మాట అడిగాడు. "ఒకే ఊళ్ళో రెండు జట్లు బతకడం కుదరదా సార్?" అని.

బళ్ళారిని చూడమన్నాను. 1953లో మైసూరు రాష్ట్రంలో కలవకముందు అది మద్రాసు రాజధానిలోని ఊరు. తెలుగు నాటకానికి పుట్టిల్లులాంటిది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరస వినోదిని సభ ఉండేది. కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభా ఉండేది. ఒకరిని మించి ఒకరు నాటకాలు రాశారు, ఆడించారు. ఆచార్యులవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. వృత్తికి ఆయన కూడా వకీలే. మేనమామ రాసిన వేషాలు వేసిన మనిషే కోలాచలంవారి రామరాజు నాటకంలో పఠాన్ రుస్తుంగా పేరు తెచ్చుకున్నాడు. మేనమామ సభ మనిషివి, అవతలివారి నాటకంలో వేషం వేయరాదని ఆయన్ను కట్టేసి ఉంటే ఆ రుస్తుంను మన పెద్దలు చూసేవారే కాదు. రెండు సభల పోటీలో గెలిచింది నాటకం.

నెల తరువాత మావాడు మళ్ళీ కనిపించాడు. కోర్టుదాకా పోలేదట. వకీలుగారు ఒక ఉత్తరం రాస్తే యజమాని కాగితం చింపేసి, "నీ దారి నీది, నా దారి నాది" అన్నాడట. ఇప్పుడు మూడు మండపాల్లో పాడుతున్నాడు. వాడి మాటల్లోనే చెప్పాలంటే, కొన్ని ముహూర్తాలు దొరుకుతున్నాయి, కొన్ని ఖాళీగా పోతున్నాయి. కీబోర్డు కంతు మాత్రం తప్పడం లేదు.

మన పిల్లల్లో ఇలా పాడి, వాయించి బతికేవాళ్ళు ఊరూరా ఉన్నారు. సంతకం చేసేముందు కాగితం ఎవరిచేతనైనా చదివించుకోమని వాళ్ళకు చెప్పండి. కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా, మనకు వచ్చిన భాషలో అర్థం చెప్పించుకున్నాకే కలం పట్టమనండి. పెళ్ళి చేసే పెద్దలకూ ఒక విన్నపం. మీరు పిలిచిన కుర్రాళ్ళకు ఇస్తానన్న డబ్బు అనుకున్న వేళకు ఇవ్వండి. 1852లో అంత రభసకు దారి ఇచ్చింది వేళకు అందని మూడు వందల పౌన్లే.