కంప్యూటరులో ధ్వని తెగుదల

కంప్యూటరులో పాట గానీ, చలనచిత్రం గానీ, రికార్డు చేసిన పాఠం గానీ నడుస్తున్నప్పుడు శబ్దం ధారగా రాక, మధ్యమధ్య ఆగుతూ, ఒక్కొక్కసారి అదే ముక్క రెండు మూడు సార్లు వినిపిస్తూ సాగడాన్ని ధ్వని తెగుదల అంటారు. వాడుకలో దీనినే "సౌండు కట్ కట్ అవుతోంది" అనీ, "పాట నత్తిగా వస్తోంది" అనీ చెప్పుకుంటారు. ఆపరేటింగు సిస్టమును కొత్త వెర్షనుకు మార్చిన వెంటనే ఈ లోపం బయటపడడం తరచుగా జరుగుతుంది. అటువంటి సందర్భాలలో చాలావరకు స్పీకరుకు గానీ, సౌండు చిప్పుకు గానీ ఏ చెరుపూ జరిగి ఉండదు. పాత అమరికలకూ కొత్త సాఫ్టువేరుకూ పొత్తు కుదరకపోవడమే కారణమవుతుంది. కనుక కొత్త పరికరాలు కొనేముందు లోపం ఎక్కడున్నదో వరుసక్రమంలో పరీక్షించి తెలుసుకోవడం అవసరం.

కంప్యూటరులో ధ్వని ప్రయాణం

కంప్యూటరు శబ్దాన్ని అంకెల రూపంలో భద్రపరుస్తుంది. సీడీలో ఒక్కొక్క చానెలుకు సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. చలనచిత్రాలలో సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలు వాడతారు. ఈ అంకెలను ప్రాసెసరు సిద్ధం చేసి బఫరు అనే తాత్కాలిక నిల్వలో ఉంచుతుంది. సౌండు చిప్పు ఆ నిల్వలోనుండి అంకెలను క్రమం తప్పకుండా తీసుకొని శబ్దంగా మారుస్తుంది.

దీనిని డాబా మీది నీళ్ళ ట్యాంకుతో పోల్చవచ్చు. మోటారు ఆగి ఆగి నీరు ఎక్కించినా, ట్యాంకు ఖాళీ కానంతవరకు కుళాయి ధార ఆగదు. ట్యాంకు చిన్నదై, మోటారు ఆలస్యమైతే ధార తెగుతుంది. కంప్యూటరులో బఫరు ట్యాంకు వంటిది, ప్రాసెసరు మోటారు వంటిది, స్పీకరు కుళాయి వంటిది.

1,024 నమూనాల బఫరు సెకనుకు 48,000 చొప్పున ఖర్చయితే సుమారు 21 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. ఈలోగా ప్రాసెసరు తరువాతి భాగాన్ని అందించకపోతే శబ్దంలో ఖాళీ ఏర్పడుతుంది. కొన్ని పరికరాలలో బఫరు చక్రాకారంగా తిరుగుతుంది. దానిలో కొత్త అంకెలు పడకపోతే పాత అంకెలే మళ్ళీ వినిపిస్తాయి. పాట ఒకే అక్షరం దగ్గర చిక్కుకుపోయినట్లు తోచడానికి ఇదే కారణం. బఫరును పెద్దది చేస్తే తెగుదల తగ్గుతుంది, కానీ శబ్దం ఆలస్యంగా వెలువడుతుంది. పాటలు వినేవారికి ఆ ఆలస్యం అడ్డు కాదు. వాద్యం వాయిస్తూ రికార్డు చేసేవారికి మాత్రం ఇబ్బంది కలుగుతుంది.

ప్రాముఖ్యత

పాట తెగితే విసుగు మాత్రమే కలుగుతుంది. రెండు సందర్భాలలో మాత్రం నష్టం పెద్దది.

మొదటిది, దృష్టి లోపం ఉన్నవారి విషయం. విండోసులో ఎన్‌వీడీఏ, లినక్సులో ఓర్కా వంటి తెరపఠన సాధనాలు తెరమీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. ఈస్పీక్ ఎన్‌జీ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు తెలుగు పాఠాన్ని కూడా పలుకుతుంది. ధ్వని తెగితే ఈ వాడుకరులకు తెర మూసివేసినట్లే. సమస్యను సరిచేయడానికి అవసరమైన మెనూలు కూడా వారికి అందవు. కనుక ఇటువంటివారి కంప్యూటరును కొత్త వెర్షనుకు మార్చేటప్పుడు చూపున్న మరొకరు దగ్గర ఉండడం మంచిది.

రెండవది, పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని. వినేటప్పుడు తెగిన శబ్దం ఫైలులో చెక్కుచెదరకుండానే ఉంటుంది, లోపం సవరించాక మళ్ళీ వినవచ్చు. రికార్డు చేసేటప్పుడు తెగితే ఆ ఖాళీ ఫైలులో శాశ్వతంగా నిలిచిపోతుంది. పెద్దలు పాడిన పాటలు, హరికథలు, ఉపన్యాసాలు ఉన్న పాత టేపులు ప్రతిసారీ సక్రమంగా తిరుగుతాయన్న నమ్మకం లేదు. సిస్టము మార్చిన తరువాత, ముందుగా ఒక మామూలు క్యాసెట్టుతో అరగంట రికార్డు చేసి, పూర్తిగా విని చూచిన పిమ్మటే విలువైన టేపును తాకాలి.

లోపాన్ని గుర్తించడం

ఈ క్రింది పరీక్షలలో ఒక్కొక్కటి ఒక్కొక్క కారణాన్ని వేరుచేస్తుంది. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితాన్ని కాగితంమీద వ్రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

1. అదే ఫైలును ఫోనులో గానీ, వేరొక కంప్యూటరులో గానీ వినాలి. అక్కడ కూడా సరిగ్గా అదే చోట తెగితే ఫైలే చెడినది.
2. అదే ఫైలును వేరొక ప్లేయరులో నడపాలి. ఒక ప్లేయరులోనే తెగితే లోపం ఆ ప్లేయరు అమరికలలో ఉంది.
3. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే శబ్దాన్నీ, కంప్యూటరులో భద్రపరచిన ఫైలునూ పోల్చాలి. ఇంటర్నెట్టులో మాత్రమే తెగితే నెట్టు వేగాన్ని, బ్రౌజరును పరిశీలించాలి.
4. బ్లూటూత్ హెడ్‌ఫోను తీసి, తీగ ఉన్న హెడ్‌ఫోను పెట్టి వినాలి.
5. విండోసులో టాస్క్ మేనేజరును, లినక్సులో సిస్టమ్ మానిటరును తెరచి, శబ్దం తెగే క్షణంలో ప్రాసెసరు, డిస్కు భారం ఎంత ఉన్నదో గమనించాలి.
6. లినక్సును పెన్‌డ్రైవు నుండి, కంప్యూటరులో స్థాపించకుండానే నడిపి చూడాలి. అక్కడ ధ్వని నిరాటంకంగా వస్తే పరికరాలు బాగున్నాయనీ, లోపం సాఫ్టువేరులో ఉన్నదనీ దాదాపుగా నిర్ధారణ అవుతుంది.

ఎడతెగకుండా గుయ్యిమనే శబ్దం వస్తే అది తెగుదల కాదు. విద్యుత్తు ఎర్తింగు లోపం వలన గానీ, నాసిరకం ఇన్వర్టరు వలన గానీ అటువంటి హోరు వస్తుంది. సాఫ్టువేరును ఎంత మార్చినా అది పోదు.

కారణాలు, సవరణలు

డ్రైవరు: కొత్త వెర్షనుకు మారినప్పుడు తయారీదారు ఇచ్చిన ధ్వని డ్రైవరు స్థానంలో సాధారణ డ్రైవరు చేరవచ్చు, లేదా పాత డ్రైవరు కొత్త వ్యవస్థలో అలాగే మిగిలిపోవచ్చు. ల్యాప్‌టాపు లేదా మదర్‌బోర్డు తయారీదారు సైటునుండి ఆ నమూనాకు తగిన డ్రైవరును తెచ్చి స్థాపించాలి. అప్పటికీ ఫలితం లేకపోతే, డివైస్ మేనేజరులో "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అనే మైక్రోసాఫ్టు సాధారణ డ్రైవరును ఎంచి చూడవచ్చు. ధ్వని అమరికలలోని "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" ఆపివేయడం కూడా కొన్నిచోట్ల పనిచేస్తుంది.

ఇతర డ్రైవర్లు: శబ్దం తెగడానికి ధ్వని డ్రైవరే కారణం కానక్కరలేదు. వైఫై, గ్రాఫిక్సు, డిస్కు డ్రైవర్లలో ఏదైనా ప్రాసెసరును ఎక్కువసేపు పట్టి ఉంచితే ధ్వని బఫరు ఖాళీ అవుతుంది. విండోసులో లేటెన్సీమాన్ అనే ఉపకరణం ఏ డ్రైవరు ఎంత ఆలస్యం చేస్తున్నదో చూపుతుంది. వైఫైని కాసేపు ఆపి పాట వినడం దీనికి సులభమైన పరీక్ష.

వీడియో భారం: వీడియోను విప్పే పనిని గ్రాఫిక్సు చిప్పు చేయవలసి ఉంటుంది. గ్రాఫిక్సు డ్రైవరు తప్పిపోతే ఆ భారమంతా ప్రాసెసరుపై పడుతుంది. పాటల ఫైళ్ళు బాగా నడుస్తూ, వీడియోలో మాత్రమే ధ్వని తెగితే ముందుగా దీనినే అనుమానించాలి.

మార్చిన తొలి రోజులు: కొత్త వెర్షను స్థాపించిన తొలి గంటలలో కంప్యూటరు ఫైళ్ళ సూచికను తయారుచేసుకుంటూ, నవీకరణలు దించుకుంటూ ఉంటుంది. అప్పటి తెగుదల దానంతట అదే తగ్గవచ్చు. ఒకటి రెండు రోజులు వేచి చూడడం తప్పు కాదు.

విద్యుత్తు పొదుపు: కొంతసేపు శబ్దం లేకపోతే సౌండు చిప్పు నిద్రావస్థలోకి వెళుతుంది. తిరిగి మేల్కొనేలోగా మొదటి అక్షరాలు వినబడవు, లేదా టక్కుమనే శబ్దం వస్తుంది. లినక్సులో ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవరుకు ఉన్న పవర్ సేవ్ విలువను సున్నా చేస్తే ఇది పోతుంది. కరెంటు పోయి ల్యాప్‌టాపు బ్యాటరీమీద నడిచేటప్పుడు మాత్రమే శబ్దం తెగితే, బ్యాటరీ పొదుపు అమరికను మార్చి చూడాలి.

వేడి, దుమ్ము: ప్రాసెసరు మితిమీరి వేడెక్కితే తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎన్‌టీఆర్ జిల్లాలోని మైలవరం, ఏలూరు జిల్లాలోని నూజివీడు వంటి మామిడితోటల ప్రాంతాలలో కాయలు దిగే ఏప్రిల్, మే నెలలలోనే ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఫ్యాను రెక్కలకు దుమ్ము పట్టిన కంప్యూటరు ఆ రోజులలో మధ్యాహ్నం నత్తిగా నడచి, తెల్లవారుజామున సవ్యంగా పనిచేయవచ్చు. కొత్త వెర్షను ఎక్కువ పని కల్పించడంతో, అంతవరకు దాగి ఉన్న ఈ లోపం బయటపడుతుంది. వేళనుబట్టి తెగుదల మారుతున్నదంటే ముందుగా ఫ్యానును శుభ్రం చేయించాలి.

బ్లూటూత్: బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పరిధిని వాడగలవు. యూఎస్‌బీ 3.0 పరికరాలు కూడా ఈ పరిధిలో రేడియో అలజడి కలిగిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థ వివరించింది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం, బ్లూటూత్ డాంగిలును బయటి హార్డుడిస్కుకు దూరంగా పెట్టడం మేలు.

చరిత్రలో కొన్ని ఉదాహరణలు

విండోస్ ఎక్స్‌పీలో హార్డుడిస్కు, సీడీ డ్రైవులు సాధారణంగా డీఎంఏ పద్ధతిలో, అనగా ప్రాసెసరు చేయి పడకుండానే, సమాచారాన్ని జ్ఞాపకశక్తికి చేరవేసేవి. ఆ ప్రయాణంలో ఆరుసార్లకు పైగా దోషాలు ఏర్పడితే విండోస్ క్రమంగా మెట్లు దిగి, చివరకు పీఐఓ పద్ధతికి వచ్చేది. అప్పుడు ప్రతి అంకెనూ ప్రాసెసరే మోయవలసి వచ్చి పాటలు తెగేవి. డివైస్ మేనేజరులో ఆ చానెలును తొలగించి, కంప్యూటరును తిరిగి ప్రారంభిస్తే చాలావరకు సమస్య తీరేది. గీతలు పడ్డ ఒక్క సీడీ ఇంత పని చేయగలిగేది.

2007 జనవరిలో సాధారణ వాడుకరులకు విడుదలైన విండోస్ విస్టాలో ధ్వని వ్యవస్థను తిరిగి నిర్మించారు. ధ్వని తెగకుండా బహుళమాధ్యమ పనులకు ప్రాధాన్యం ఇచ్చే సేవను చేర్చారు. ఆ సేవ వలన, పాట నడుస్తున్నంతసేపూ నెట్‌వర్కు వేగం తగ్గుతున్నదని 2007 ఆగస్టులో వెల్లడైంది. ఒక పనికి ఇచ్చిన ప్రాధాన్యం మరొక పనికి ఆటంకమవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

లినక్సులో 2003 డిసెంబరునాటి 2.6 కెర్నలుతో అల్సా ప్రధాన ధ్వని వ్యవస్థ అయింది. దానిపై పనిచేసే పల్స్‌ఆడియో 2007 నవంబరులో ఫెడోరా 8లోను, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04లోను ప్రవేశించింది. 2008లోనే అది బఫరును నింపే సమయాన్ని గడియారంతో లెక్కించే పద్ధతిని తెచ్చింది. డ్రైవర్లు తప్పు సమయం చెబితే ఆ లెక్క తప్పి ధ్వని తెగేది. అటువంటి కంప్యూటర్లలో ఆ పద్ధతిని ఆపివేయడమే తాత్కాలిక పరిష్కారమైంది.

పల్స్‌ఆడియో స్థానంలో పైప్‌వైర్ 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34లోను, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10లోను చేరింది. ఉబుంటు 22.04 నుండి 24.04కు మారినవారికి ధ్వని సేవ మొత్తం మారిపోతుంది. పాత వ్యవస్థకోసం స్వయంగా వ్రాసుకున్న అమరికల ఫైళ్ళు ఉంటే వాటిని పక్కకు తీసి పరీక్షించాలి. మిథ్యాయంత్రాలలో, అనగా ఒక కంప్యూటరులోపల నడిచే మరొక ఆపరేటింగు సిస్టములో, పైప్‌వైర్ బఫరును పెద్దది చేస్తే తరచు గుణం కనిపిస్తుంది.

2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం తప్పనిసరి అయింది. కొందరు ఏఎమ్‌డీ రైజెన్ వాడుకరులు దానికోసం ప్రాసెసరులోని ఎఫ్‌టీపీఎం అమరికను తెరచిన తరువాత, కంప్యూటరు ఉండుండి ఆగడం, ధ్వని తెగడం గమనించారు. మదర్‌బోర్డుమీది ఫ్లాష్ జ్ఞాపకంతో ఎఫ్‌టీపీఎం జరిపే లావాదేవీలు దీర్ఘంగా సాగడమే కారణమని 2022 మార్చిలో ఏఎమ్‌డీ ప్రకటించింది. 2022 మే నుండి బయోస్ నవీకరణలు వెలువడ్డాయి. ఇక్కడ ధ్వని డ్రైవరును ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు. బయోస్ మార్చేముందు బిట్‌లాకర్ ఉన్నవారు దానిని తాత్కాలికంగా నిలిపి, పునరుద్ధరణ తాళాన్ని వేరుగా వ్రాసి ఉంచుకోవాలి.

పాత వెర్షనుకు మరలడం

విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కారణంగా కొత్త వెర్షనుకు మారినవారు ధ్వని సరిగా లేకపోతే, సాధారణంగా పది రోజులలోగా సెట్టింగులలోని "గో బ్యాక్" ద్వారా పాత వెర్షనుకు మరలవచ్చు. డిస్కులో ఖాళీకోసం "విండోస్.ఓల్డ్" సంచయాన్ని ముందే తుడిచివేస్తే ఈ అవకాశం పోతుంది. కనుక ధ్వని పరీక్షలన్నీ మొదటి వారంలోనే ముగించుకోవాలి. మద్దతు ముగిసిన వెర్షనులో కొనసాగడం భద్రతరీత్యా మంచిది కాదు కాబట్టి, వెనుకకు మరలడం పరిష్కారం దొరికేవరకు తీసుకునే గడువు మాత్రమే. లినక్సులో సిస్టమును వెనుకకు తీసుకువెళ్ళడం కష్టం. అయితే బూటు మెనూలో పాత కెర్నలును ఎంచుకొని, లోపం కెర్నలుదో కాదో తేల్చుకోవచ్చు.

ముందు జాగ్రత్తలు

* మార్చకముందే ముఖ్యమైన ఫైళ్ళకు మరొక ప్రతి బయటి డిస్కులో ఉంచుకోవాలి.
* పనిచేస్తున్న ధ్వని డ్రైవరు పేరు, వెర్షను సంఖ్య వ్రాసి ఉంచుకోవాలి.
* వైఫై పనిచేయని పక్షంలో అవసరమయ్యే నెట్‌వర్కు డ్రైవరును పెన్‌డ్రైవులో ముందే దాచుకోవాలి.
* పరీక్షలు, ఆన్‌లైను తరగతులు, రికార్డింగులు ఉన్న వారంలో సిస్టమును మార్చరాదు.
* "అన్ని డ్రైవర్లూ ఒక్క మీటతో" మారుస్తామనే గుర్తుతెలియని సాఫ్టువేర్లను వాడరాదు.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగు సిస్టము
* డివైస్ డ్రైవరు
* లినక్సు
* ఈస్పీక్ ఎన్‌జీ