గాలమునకుఁ గట్టు ఈక: ఈఁగయా, చేపయా?

ఈకలతోఁ గట్టిన గాలపుటెరకు ఆంగ్లేయులు ‘ఫ్లై’, అనఁగా ఈఁగ, అని పేరిడిరి. ఈ పేరును బట్టి ఈకయెర యెల్ల పురుగునకే ప్రతిరూపమని పలువురు తలంతురు. ప్రాచీనగ్రంథమును జూడఁగా ఈ తలంపు నిలువదు. ఇట్టి విచారము పండితులకుఁ దగనిదియుఁ గాదు. కల్యాణ చాళుక్యచక్రవర్తి యగు మూఁడవ సోమేశ్వరుఁడు (1127–1138) మానసోల్లాసమున రాజవినోదముల నడుమ మత్స్యవినోదమునకుఁ దావొసఁగి యున్నాఁడు.

క్రీ. శ. 2, 3 శతాబ్దులనాఁటి రోమకుఁడు ఏలియన్, జంతుస్వభావములను గూర్చి గ్రీకుభాషలో 17 ప్రకరణముల గ్రంథము రచించెను. అందు 15వ ప్రకరణపు మొదటి యధ్యాయమున మాసిడోనియా దేశపు జాలరుల గాలము వర్ణితము. బెరోయా, థెస్సలొనీకా పట్టణముల నడుమ నుండు ఆస్ట్రేయస్ నదిలోని చుక్కలచేపలు నీటిమీఁది యొకజాతి పురుగులను మ్రింగుచుండును. ఆ పురుగు చేయి తగిలినంతనే వన్నె తప్పి ఎరకుఁ బనికిరాదు. కాఁబట్టి జాలరులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతున వ్రేలాడు తోలునకు దిగువ మొలచు మైనపువన్నె యీకలు రెండు కట్టుదురు. కఱ్ఱ ఆఱడుగులు, త్రాడును అంతియే.

తఱచుగా ఉదాహరింపఁబడునది యీ యధ్యాయమే. అదే ప్రకరణపు 10వ యధ్యాయమున సముద్రమందు పెలామిస్ అను చేపను బట్టు విధము కలదు. అచట ఒక్కొక్క గాలమునకు లకోనియా దేశపు రక్తవర్ణపు ఉన్ని చుట్టి, నీరు తాఁకినపుడు మెల్లగాఁ గదలునట్లు సముద్రపక్షి యీకను గట్టుదురు. అది దేనికిఁ బ్రతిరూపమో గ్రంథకర్త చెప్పలేదు. అయినను పెలామిస్ చిఱుచేపలను దఱిమి తినునది. కావున అది ఎరలోఁ జిఱుచేపనే చూచెనని ఊహింపవచ్చును. ఎఱ్ఱని ఉన్నికిఁ జిఱుచేప వన్నెతోఁ బోలిక లేదు. పోలిక యంతయు ఈక కదలికలోనే యున్నది.

1496లో వెస్ట్‌మినిస్టరున వింకిన్ డి వర్డ్ అచ్చొత్తిన గాలపుగ్రంథము మాసముల ననుసరించి పండ్రెండు ఈకయెరలను జెప్పి పురుగుశాఖనే పెంపొందించినది. 1857లో స్కాట్లండువాఁడగు స్టూవర్టు మాత్రము మెత్తని ఈక నీటఁ గదలి ప్రాణమున్నట్లు తోఁచునని బోధించెను.

నేఁడు చిఱుచేపను బోలు ఎరను గట్టువారును ఈ సూత్రమునే పాటింతురు. గాలపుఁగాడకు సన్నని దారము చుట్టి, దానిపై వెండి జలతారు బిగింతురు, అది పొట్టమెఱుపు. పిదప కంఠస్థానమునఁ గోడిపెట్ట యీకనో కౌఁజుపిట్ట యీకనో రెండు మూఁడు చుట్లు మాత్రము త్రిప్పి, పోఁగులు తోకవైపు వాలునట్లు ముడివేయుదురు. చుట్లు హెచ్చినచోఁ బోఁగులు గుబురై కదలవు. త్రాడు లాగినపుడు పోఁగులు కాడ నంటుకొనును, నిలిపినపుడు విచ్చుకొనును. అదియే ఈఁత యను భ్రాంతి. పుంజుమెడలోని బిరుసు ఈకకు ఈ గుణము లేదు; అది నీటిపైఁ దేలు ఎరలకుఁ దగినది.

కావున ఈకయెర చరిత్రకు మూలము ఒకటి గాదు, రెండు. ఒకటి రూపమును, రెండవది చలనమును అనుకరించుచున్నది. పేరు మొదటిదానికే దక్కినది.